పోలికకి తెచ్చిన మట్టి

ఆఫీసులో ఆమెను అందరూ దీపం మేడం అనేవారు. ఆ పేరు పెట్టింది గ్యాసు సిలిండర్లు మోసే అతను. "నేను సిలిండరు బిగించిపోతా, ఆవిడొచ్చి దీపం పెడుతుంది" అని ఒకసారి ఎవరితోనో అన్నాడు. ఆ మాట అలాగే అతుక్కుపోయింది. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు.

మట్టి పరీక్షల కేంద్రంలో మేడ మీద చివరి గది ఆమెది. పొలాల నుంచి గుడ్డసంచుల్లో వచ్చిన మట్టిని కింద నీడన ఆరబెట్టి, రోట్లో నూరి, జల్లెడ పట్టేవారు. అడిగిన పరీక్షను బట్టి మందునీళ్ళలో గిలకొట్టడమో, యాసిడ్‌లో మరిగించడమో చేసి వడపోస్తే తేటనీళ్ళు మిగిలేవి. ఆ నీళ్ళు గాజు గొట్టాల్లో వరసగా ఆమె గదికి చేరేవి. అక్కడుండే అటామిక్ అబ్జార్‌ప్షన్ యంత్రంలో ఒక్కో లోహానికి ఒక్కో దీపం. జింకుకి జింకు దీపం, రాగికి రాగి దీపం. సన్నని గొట్టం ఆ నీళ్ళను పీల్చి మంటలోకి పొగమంచులా చిమ్ముతుంది. దీపం వెలుగు ఆ మంటను దాటి అవతలికి పోవాలి. మంటలో ఆ లోహం ఉంటే తన దీపం వెలుగును కొంత మింగేస్తుంది. ఎంత వెలుగు మింగిందో చూస్తే, ఎంత లోహం ఉందో తెలిసిపోతుంది. పరాయి దీపం వెలుగు జోలికి మాత్రం పోదు.

"మనుషులకి ఆ బుద్ధి ఉంటే ఎంత బాగుండేది!" అనేది ఆమె, కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పుతూ.

తాను చేరిన కొత్తలో మంట ముట్టించబోయి కుడి కనుబొమ్మ సగం కాల్చుకుంది. ఆ సగం కనుబొమ్మతోనే పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. తండ్రి బ్యాటరీ మేస్త్రి. మాటలప్పుడు ఆ మేస్త్రి, "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగాడు.

"మట్టిలో ఏముందో చూస్తానండీ."

"మట్టిలో మట్టి కాక ఇంకేముంటుందమ్మా!" అని ఆయన పగలబడి నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసే ఈ సంబంధానికి తల ఊపానని తర్వాత ఎన్నోసార్లు చెప్పింది.

ఆమె కాపురానికి వచ్చేసరికే అత్తగారు పోయి చాలాకాలమైంది. టీలో పంచదార ఎవరు వెయ్యాలో తేలక తండ్రీ కొడుకులు రోజూ ఇద్దరూ వేసో, ఇద్దరూ మానేసో తాగుతూ బతుకుతున్నారు. పెరట్లో రేకుల షెడ్డు అప్పటికే మూతపడే దశలో ఉంది. ఒకప్పుడు లారీల బ్యాటరీలు, ఆటోల బ్యాటరీలు ఆ షెడ్డు ముందు బారులు తీరేవట. పాతవాటిని పగలగొట్టి, లోపలి సీసం పలకలు తీసి, బొగ్గుల కొలిమి మీద కరిగించి, అచ్చుల్లో పోసేవాడు మామగారు. బాగుచెయ్యక్కర్లేని బ్యాటరీలు వచ్చాక గిరాకీ పోయింది. షెడ్డు పీకించేసి, నేల చదును చేసి, టమాటా మొక్కలు పెట్టాడు.

ఆడపిల్ల పుట్టింది. సెలవు అయిపోవచ్చి ఆమె దిగులు పడుతుంటే మామగారే అన్నాడు: "నువ్వు ఆఫీసుకి పో అమ్మా. దీన్ని నేను చూసుకుంటా. బ్యాటరీ కంటే బరువా ఏంటి?"

మాట నిలబెట్టుకున్నాడు. పొద్దస్తమానం ఆ పిల్ల తాత వెంటే. ఆయన టమాటా మొక్కలకు పాదులు తీస్తుంటే పక్కన కూర్చుని మట్టితో ఇళ్ళు కట్టేది, కట్టినవి కూలదోసేది. తిండి మాత్రం ఒక ముద్ద, అరముద్ద. అందుకే దానికి పిచ్చుక అని పేరు పెట్టాడు.

పిచ్చుక ఎదుగుతున్నకొద్దీ పాలిపోయింది. కడుపునొప్పి అని ముడుచుకు పడుకునేది. ఊరికే చిరాకుపడి ఇల్లు పీకి పందిరి వేసేది. డాక్టరు నులిపురుగుల మందు ఇచ్చాడు, ఇనుము టానిక్కు రాశాడు. "మట్టిగాని తింటోందేమో చూసుకోండి" అన్నాడు.

"తింటే తిననివ్వండి డాక్టరుగారూ, మా పెరటి మట్టే కదా" అన్నాడు మామగారు. అందరూ నవ్వేశారు.

ఇలా ఉండగా ఆఫీసుకి కొత్త పని వచ్చింది. పెద్ద రోడ్డు పక్క పొలాల్లో సీసం ఎంత ఉందో చూడమన్నారు. సీసం దీపం ఏళ్ళ తరబడి పెట్టెలోనే ఉండేది. పాడైపోకుండా అప్పుడప్పుడూ వెలిగించి చూసి మళ్ళీ పెట్టేసేవారు. దీపం మేడం దాన్ని తీసి తుడిచి బిగించింది. రోడ్డు పక్క మట్టిని దేనితో పోల్చి చూడాలి? బళ్ళ పొగ సోకనిది, ఎరువూ పురుగుమందూ పడనిది ఒకటి కావాలి. తమ ఇల్లు రోడ్డుకి ఆమడ దూరంలో, సందు లోపల. మామగారు ఏ మందూ వెయ్యనివ్వడు. ఇంతకంటే శుభ్రమైన మట్టి ఎక్కడ దొరుకుతుంది?

అడగగానే మామగారు ఉత్సాహంగా తాపీ పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. సంచి నిండా మట్టి ఎత్తాడు. పిచ్చుక కూడా రెండు గుప్పిళ్ళు వేసి, చేతులు గౌనుకి తుడుచుకుంది.

పరీక్ష రోజున రోడ్డు పక్క పొలాల మట్టి నమూనాలన్నీ ఒకలాగే ఉన్నాయి. సీసం ఉంది, కానీ భయపడేంత లేదు. చివరి గొట్టం ఇంటి మట్టిది. యంత్రం పీల్చే సన్నగొట్టాన్ని అందులో ముంచగానే అంకె ఎగిరి, యంత్రం కొలవగలిగే హద్దు దాటిపోయింది. ఏదో అడ్డుపడిందనుకుంది. ఉత్త యాసిడ్ నీళ్ళు పీల్పించింది, అంకె సున్నాకి దిగింది. మళ్ళీ ఇంటి మట్టి పెట్టింది. మళ్ళీ ఎగిరింది. పదింతలు పల్చన చేసినా హద్దులోకి రాలేదు. ఇంకా పల్చన చేస్తే అప్పుడు వచ్చింది.

గాజు గొట్టమే మురికిదేమోనని మర్నాడు కొత్త గొట్టాలు తీసి, కొత్త యాసిడ్ సీసా మూత విప్పి, మట్టిని తన చేత్తోనే మరిగించింది. అదే అంకె.

అప్పుడు పెరట్లో ఒకప్పుడున్న షెడ్డు గుర్తొచ్చింది. షెడ్డు సంగతి తెలియక కాదు. సీసం కరిగించేవాడని పెళ్ళికి ముందే తెలుసు. అది మామగారి పాత పనిగానే తెలుసు. కొలిమి ఆరిపోయింది, షెడ్డు పోయింది, ఇంకేముందనుకుంది. పైగా నేల మీద పచ్చగా టమాటాలు కాస్తున్నాయాయె!

పెద్దసారు కాగితాలు చూసి అడిగాడు: "ఈ పోలిక మట్టి ఎక్కడిదమ్మా? బ్యాటరీ గోడౌన్ దగ్గరదా?"

"మా పెరటిదండీ."

ఆయన కళ్ళజోడు తీసేశాడు. "పాప చిన్నది కదూ?" అన్నాడు.

"నాలుగో ఏడు నడుస్తోంది."

"ముందు ఇంటికి పో. రిపోర్టు సంగతి నేను చూసుకుంటా. పిల్ల రక్తం పరీక్ష చేయించు."

ఆ సాయంత్రం భర్త బూట్లు విప్పుతుంటే దగ్గరికెళ్ళి మెల్లగా చెప్పింది. "మన పెరటి మట్టిలో సీసం ఉందండీ."

"సీసా పెంకులా? నాన్న అన్నీ ఏరించేశాడుగా!"

"సీసాలు కాదు. సీసం. బ్యాటరీ సీసం. పిల్లలు ఆడే చోట ఉండకూడనంత ఉంది."

అతను ఒక బూటు చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు. "నేనూ అక్కడే పొర్లి పెరిగాను కదే. నాకేమైంది?"

"నిన్న గొడుగు ఎక్కడ మర్చిపోయారు?"

"బస్సులో."

"మొన్న?"

అతనికి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. "నాన్నకి చెప్పకు" అన్నాడు. "ఆయన తట్టుకోలేడు."

పిచ్చుకను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. రక్తంలో సీసం ఉండకూడనంత ఉందని తేలింది. ఇంజెక్షన్లు వెయ్యాల్సినంత లేదని డాక్టరమ్మ చెప్పింది. ఇక మీదట ఒంట్లోకి కొత్తగా చేరకుండా చూసుకోండి, చేతులు కడిగించండి, పాలు పట్టండి, ఇనుము మందు మానకండి, మళ్ళీ చూద్దాం అంది. మెల్లగా దానంతటదే దిగుతుందంది. భర్త ఊపిరి పీల్చుకున్నాడు. ఆమెకు మాత్రం ఆ సీసం ఇన్నాళ్ళూ పిల్ల లోపల ఏం చేసిందో అన్న బెంగ మిగిలింది. అడిగితే డాక్టరమ్మ, "అది ఇప్పుడే ఎవరూ చెప్పలేరమ్మా" అంది.

పెరటి తలుపుకి తాళం పడింది. తేలు కనిపించిందని మామగారికి చెప్పింది. ఆయన టార్చిలైటు పట్టుకుని రెండు రోజులు కిటికీలోంచి పెరడంతా గాలించాడు. "ఏదమ్మా నీ తేలు? మొక్కలకి నీళ్ళు లేక చచ్చిపోతున్నాయి" అని గొణిగాడు. తేలు దొరకలేదు, తాళమూ తియ్యలేదు. ఆ పైన పిచ్చుకను పగటిపూట పిల్లల బడిలో చేర్పించింది. పొద్దున్నే సంచి తగిలించుకుని మనవరాలు వెళ్ళిపోతుంటే మామగారు గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాడు. ఊపిన చెయ్యి దించడం మర్చిపోయాడు.

ఆ ఆదివారం ఆమె బట్టలు మడతపెడుతుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నామీద నమ్మకం లేకపోతే మొహం మీదే చెప్పమ్మా. చేతులు వణుకుతున్నాయి, పిల్లని ఎక్కడ పడేస్తానోననేగా?"

"అయ్యో, అది కాదు మామయ్యా."

"మరేంటి? తేలు లేదు. నాకు తెలుసు. నా పెరట్లో తేలుంటే నాకు తెలియదా?"

ఇంక దాచడం ఆమె వల్ల కాలేదు. మట్టి తెచ్చిన రోజు నుంచి ఆసుపత్రి దాకా మొత్తం చెప్పింది. అంతా అయ్యాక ఆయన తన రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు.

"పని నేర్చుకునే రోజుల్లో మా ఓనరు చెప్పేవాడు, పాలు తాగండ్రా, సీసం పట్టదు అని. తాగేవాళ్ళం. అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేదమ్మా." తాళం వేసిన పెరటి తలుపు వైపు చూశాడు. "మావాడి చదువూ, ఈ ఇల్లూ, అన్నీ ఆ కొలిమి పెట్టినవే. నేను కడుపు నింపుతున్నాననుకున్నా."

"నింపారు మామయ్యా. ఎవరు కాదన్నారు?"

ఆయన లేచి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి మనిషి మారిపోయాడు. పొద్దున ఒకసారి, టీకి ముందోసారి, టీ తర్వాతోసారి, ఊరికే ఇంకోసారి, సబ్బు అరిగిపోయేలా చేతులు కడిగేవాడు. తన కంచం తానే కడుక్కుని విడిగా పెట్టుకునేవాడు. పిచ్చుక బడి నుంచి రాగానే, "తాతా!" అని పరుగెత్తుకొస్తే కుర్చీ వెనక్కి జరుపుకుని, "వద్దమ్మా, తాతకి జలుబు" అనేవాడు. ఎన్ని రోజులుంటుంది జలుబు? ఒకరోజు పిల్ల నట్టింట్లో కూలబడి, "తాత నాతో పచ్చి, మాట్లాడడు" అని ఏడ్చింది. ఆయన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. లోపల కొళాయి తిప్పిన చప్పుడు వినిపించింది.

దీపం మేడంకి ఇక చెయ్యి ఆడలేదు. మాటలతో ఓదారిస్తే వినే మనిషి కాదు. జీవితమంతా కొలిమి దగ్గర బతికినవాడు, కంటితో చూస్తే తప్ప నమ్మడు. పెద్దసారుని అడిగి, మామగారిని ఆఫీసుకి తీసుకెళ్ళింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బడిపిల్లాడిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్క స్టూలు మీద కూర్చున్నాడు. తడిపిన వడపోత కాగితంతో ఆయన రెండు అరచేతులూ, వేళ్ళ సందులూ తుడిచింది. పోలిక కోసం ఇంకో కాగితంతో తన చేతులూ తుడుచుకుంది. రెండింటినీ విడివిడిగా యాసిడ్‌లో మరిగించింది. ఆయనకి టీ తెప్పించింది. మధ్యాహ్నం యంత్రం ముట్టించింది.

మంట నీలంగా, బద్దలా లేచి కదలకుండా నిలిచింది. "మంట బాగుంది" అన్నాడు మామగారు. ఆ వారంలో ఆయన తనంతట తాను అన్న మొదటి మాట అది.

ముందు ఆయన చేతుల కాగితం పెట్టింది. అంకె సున్నాని అంటిపెట్టుకుని ఉంది. "చూశారా?" అంది.

"అన్నిసార్లు కడిగితే ఎవరి చేతులైనా అంతే" అన్నాడు ఆయన, మొహం తిప్పుకుని.

తర్వాత తనది పెట్టింది. అంకె పైకి కదిలింది. ఆమె నొసలు ముడిపడింది. ఉత్త నీళ్ళు పీల్పించి మళ్ళీ చూసింది. అంతే ఉంది. ఒక్క క్షణం చెప్పకూడదనుకుంది. కానీ మామగారు అప్పటికే స్టూలు దిగి వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఇదెవరిది?"

"నాది మామయ్యా. మీకంటే నాకే ఎక్కువుంది."

"నీకెందుకుంటుంది?"

ఆమె ఆలోచించింది. పొద్దున పెరటి తాళం తీసి, దండెం మీద బట్టలు ఆరేసింది. మళ్ళీ పరీక్షకని ఆ మూల, ఈ మూల మట్టి తవ్వింది తానే. హడావిడిలో కొళాయి కింద ఊరికే చెయ్యి తడుపుకుని బస్సెక్కింది.

"మరి నేను కూడా పిచ్చుకని ఎత్తుకోవడం మానెయ్యాలా?" అంది.

"నీకేమన్నా పిచ్చా? తల్లి ఎత్తుకోకపోతే పిల్ల ఏమైపోతుంది? చేతులు సరిగ్గా కడుక్కుని ఎత్తుకో!" అని గదమాయించాడు. అన్నాక ఆగిపోయాడు. తానన్న మాట తన చెవినే పడినట్టు కోడలి మొహంలోకి చూశాడు. ఆమె గొట్టాలు కడిగే నెపంతో అటు తిరిగింది.

ఆ సాయంత్రం పిల్లల బడికి ఆయనే వెళ్ళాడు. పిచ్చుక కోపంతో పది అడుగుల దూరంలో నడిచిందట. సందు మలుపు దగ్గర మనసు మార్చుకుని, ఎత్తుకోమని చేతులు చాపిందట. ఇంటికొచ్చేసరికి ఆయన భుజం మీద నిద్రపోతోంది.

ఆయన రక్తం కూడా చూపించారు. పిల్ల కంటే చాలా ఎక్కువుంది. ఏళ్ళ తరబడి ఆయన్ని పీడిస్తున్న కడుపునొప్పికి ఇదీ ఒక కారణం కావచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఆయన తల పట్టుకున్నాడు. "అయితే మీ అత్తయ్య వంటని అన్నేళ్ళూ ఊరికే తిట్టానమ్మా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక కోడలు ఆయన చెయ్యి పట్టుకుంది.

పెరడు పని అంత తేలిగ్గా కాలేదు. మట్టి తవ్వి ఎక్కడ పోస్తారు? సందు చివర పోసేద్దామని కూలీలు అన్నారు. "మన పీడ ఇంకొకరి గుమ్మంలోనా!" అని మామగారే అడ్డం తిరిగాడు. అలాంటి చెత్తను తీసుకునే చోటొకటి పెద్దసారు వాకబు చేసి చెప్పాడు. కొలిమి ఉన్న మూల నడుంలోతు తవ్వించారు. దుమ్ము లేవకుండా మామగారు పైపు పట్టుకుని తడుపుతూ నిలబడ్డాడు. టమాటా మొక్కలు పీకుతుంటే మాత్రం లోపలికి వెళ్ళిపోయాడు. తవ్వలేని చోట భర్త స్నేహితులను పోగుచేసి సిమెంటు పోయించాడు. కొత్త మట్టి లారీ వచ్చిన రోజు, ముందు రోజే ఆమె దాని నమూనా పరీక్ష చేసి ఉంచిందని తెలిసి డ్రైవరు నోరు వెళ్ళబెట్టాడు. "మట్టికి జాతకం చూసేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానమ్మా!"

పిచ్చుక రక్తంలో సీసం పరీక్ష పరీక్షకీ దిగుతూ వచ్చింది. బుగ్గలకు రంగు వచ్చింది, ఇప్పుడు రెండో ముద్ద అడిగి తింటోంది. బడిలో అక్షరాలు కాస్త ఆలస్యంగా పట్టుకుంటోందని టీచరు అన్న రోజు ఆమె వంటింట్లో నిలబడి చాలాసేపు స్టవ్వు వెలిగించలేదు. పిల్లలందరూ ఒకలాగే నేర్చుకుంటారా? అయినా పిల్ల ఏ మాట మర్చిపోయినా ఆమె గుండె ఒకసారి తడబడుతుంది. ఆ తడబాటు ఆమెకి ఇక అలవాటు చేసుకోవలసిందే. భర్త మాత్రం గొడుగులు పోగొట్టుకుంటూనే ఉన్నాడు.

మామగారు ఊరుకోలేదు. తనతో పాటు ఆ పని నేర్చుకుని ఎవరి పెరట్లో వాళ్ళు కొలిమి పెట్టుకున్న పాత స్నేహితులు ఊళ్ళో ఇంకా ఉన్నారు. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, మట్టి పొట్లాలు కట్టించుకుని, ఆఫీసు మెట్లెక్కి కోడలి గదికి తెచ్చేవాడు. పెద్దసారు వాటికి విడిగా ఒక అర కేటాయించాడు. కొన్ని మంచివే తేలాయి. కొన్ని కాదు.

ఒక్క స్నేహితుడు మాత్రం గుమ్మంలోనే ఆపేశాడు. "ఇన్నేళ్ళూ ఏమీ కాలేదు. ఇప్పుడేమవుతుందిరా? నీ కోడలికి ఆఫీసులో పని లేదా?"

"నేనూ అలాగే అనుకున్నాను" అన్నాడు మామగారు. అని, అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు. స్నేహితుడు కసిరాడు, బతిమాలాడు, లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. ఈయన కదల్లేదు. పనికెళ్తున్న కోడలు వెతుక్కుంటూ వచ్చి, "లేవండి మామయ్యా, ఎండెక్కుతోంది" అన్నా లేవలేదు. చేసేది లేక ఆమె కూడా పక్కన కూర్చుంది.

కాసేపటికి తలుపు ఓరగా తెరుచుకుంది. ఆ ఇంటి కోడలు, చంకలో పిల్లాడితో బయటికొచ్చి, వీళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఎంత మట్టి కావాలండీ?" అని అడిగి, పిల్లాణ్ణి మెట్టు మీద కూర్చున్న మామగారి చేతికిచ్చి, గరిటె కోసం లోపలికి వెళ్ళింది.